మహమ్మద్ ఈసా ఖాన్: 11 గోల్స్ వెనుక ఉన్న కెరీర్

పాకిస్తాన్ ఫుట్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్ మహమ్మద్ ఈసా ఖాన్‌ను అక్కడి అభిమానులు తమ దేశపు మేటి స్ట్రైకర్లలో ఒకరిగా చెప్పుకుంటారనీ, కానీ దేశం తరఫున ఆయన చేసినవి 11 గోల్సేననీ, అదే భారత స్ట్రైకర్ సునీల్ ఛెత్రి 95 గోల్స్ చేశాడనీ, అలాంటప్పుడు ఈసాను గొప్ప ఆటగాడు అనడం అభిమానుల అతిశయోక్తి కాదా అనీ మీరు అడిగారు. నేను హైదరాబాద్‌లో ఒక డిపార్ట్‌మెంట్ జట్టుకు, అంటే ఉద్యోగమిచ్చి ఆడించే సంస్థ జట్టుకు ఆడి, ఆ తర్వాత చాలాకాలంగా కుర్రాళ్లకు కోచింగ్ ఇస్తున్నవాణ్ణి. మన ఉపఖండంలోని జట్ల ఆటను వీలైనంత దగ్గరగా గమనిస్తూ వచ్చాను కాబట్టి నాకు తెలిసినంతవరకు వివరంగానే సమాధానం రాస్తాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. 11 అన్న అంకె ఈసా కాలి సత్తాను చెప్పేదానికన్నా ఆయనకు దొరికిన మ్యాచ్‌ల సంగతిని ఎక్కువగా చెబుతుంది. ఛెత్రి అసాధారణ ఆటగాడు, అందులో రెండో మాట లేదు. కానీ ఈ ఇద్దరూ ఒకే మ్యాచ్‌లో చెరో గోల్ చేసిన రోజు ఒకటుంది. ఆ రోజు నుంచి వారి దారులు ఎలా విడిపోయాయో చూస్తే, తేడాలో ఎంత భాగం ఆటగాడిదో, ఎంత భాగం ఫెడరేషన్‌దో మీకే తెలుస్తుంది.

ఈసా 1983లో బలూచిస్తాన్‌లోని చమన్‌లో పుట్టారు. అఫ్గానిస్తాన్ సరిహద్దును ఆనుకుని ఉన్న పట్టణం అది. క్వెట్టా నుంచి ఖోజక్ కనుమ దాటి దిగితే చమన్, సరిహద్దు గేటు దాటితే అవతల స్పిన్ బోల్డక్. పాకిస్తాన్ అనగానే మనకు క్రికెట్ గుర్తొస్తుంది కానీ ఆ దేశంలో ఫుట్‌బాల్‌కే ప్రాణం పెట్టే ప్రాంతాలు కొన్ని ఉన్నాయి. కరాచీలోని లియారీ ఒకటి, బలూచిస్తాన్‌లోని మక్రాన్ తీరం ఒకటి, పష్తూన్లు ఎక్కువగా ఉండే చమన్ మరొకటి. పచ్చిక మైదానాలు అరుదుగా ఉన్న ఆ పట్టణం నుంచి జాతీయ జట్టుకు ఒకరి తర్వాత ఒకరుగా ఆటగాళ్లు వస్తూనే ఉన్నారు. అఫ్గాన్ క్లబ్ చమన్ అనే స్థానిక క్లబ్ డిపార్ట్‌మెంట్ల జట్లతో సమానంగా దేశ అత్యున్నత లీగ్‌లో ఆడిందంటే ఆ ఊరి పట్టుదల ఎంతటిదో ఊహించుకోవచ్చు. మట్టి నేల మీద బంతి ఎటు లేస్తుందో చెప్పలేం కాబట్టి అక్కడ పెరిగిన ఫార్వర్డ్‌కు మొదటి స్పర్శ మీద గట్టి అదుపు ఉంటుంది, లేదా అతను ఫార్వర్డ్‌గా మిగలడు. అయితే అదే నేల అతనికి కొన్ని చెడు అలవాట్లూ నేర్పుతుంది. బంతిని కాలి దగ్గరే ఎక్కువసేపు ఉంచుకోవడం, ఖాళీ చోటులోకి వచ్చే పాస్‌ను నమ్మి పరుగు తీయకపోవడం వాటిలో ముఖ్యమైనవి. వాటిని సరిదిద్దడానికి మంచి మైదానం, నిలకడగా ఉండే కోచ్, వరుసగా మ్యాచ్‌లు కావాలి. పాకిస్తాన్ ఫుట్‌బాల్‌లో ఈ మూడింటికీ ఎప్పుడూ కొరతే.

ఈసా క్లబ్ జీవితం గురించి చెప్పాలంటే అక్కడి డిపార్ట్‌మెంట్ వ్యవస్థను అర్థం చేసుకోవాలి. ఇది హైదరాబాద్ పాఠకులకు కొత్తేమీ కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కూడా ఒక డిపార్ట్‌మెంట్ జట్టే. ఆటగాడికి ఉద్యోగం ఇస్తారు, జీతం వస్తుంది, హాజరు పట్టీలో సంతకం పెట్టి ప్రాక్టీస్‌కు వెళ్తాడు, ఆట అయిపోయాక అదే ఉద్యోగంలో కొనసాగి పెన్షన్ తీసుకుంటాడు. పేద కుటుంబం నుంచి వచ్చిన కుర్రాడికి ఇంతకన్నా మంచి అవకాశం ఆ రోజుల్లో లేదు. మన దగ్గర ఆ వ్యవస్థ క్రమంగా వెనక్కి వెళ్లి దాని స్థానంలోకి క్లబ్బులు వచ్చాయి. పాకిస్తాన్‌లో మాత్రం నీటి, విద్యుత్ సంస్థ వాపడా, ఆర్మీ, నేవీ, విమానయాన సంస్థ పీఐఏ, నేషనల్ బ్యాంక్, హబీబ్ బ్యాంక్, కరాచీ పోర్ట్ ట్రస్ట్ వంటి సంస్థలే ఇటీవలి వరకు ఫుట్‌బాల్‌ను మోస్తూ వచ్చాయి. ఈసా టెలికాం సంస్థ అయిన పీటీసీఎల్ జట్టుకు ఆడి, తర్వాత కహూటాలోని ఖాన్ రీసెర్చ్ లేబొరేటరీస్ జట్టుకు, అంటే అందరూ కేఆర్‌ఎల్ అని పిలిచే జట్టుకు మారారు. అణు పరిశోధన సంస్థకు ఫుట్‌బాల్ జట్టేమిటని ఆశ్చర్యపోకండి. ఆ జట్టు 2009లోనూ, ఆ తర్వాత 2011 నుంచి 2013 వరకు వరుసగానూ లీగ్ టైటిల్ గెలిచింది. 2013లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఎఫ్‌సీ) ప్రెసిడెంట్స్ కప్ ఫైనల్‌కు చేరి తుర్క్‌మెనిస్తాన్ జట్టు బాల్కన్ చేతిలో 1-0తో ఓడింది. పాకిస్తాన్ క్లబ్ ఫుట్‌బాల్‌లో ఇది చిన్న విజయం కాదు.

ఈ వ్యవస్థలో ఒక పెద్ద లోపం ఉంది, అది ఈసా తరం ఆటగాళ్లందరినీ దెబ్బతీసింది. సంస్థ యాజమాన్యం మారితే, బడ్జెట్ తగ్గితే, ముందుగా వేటు పడేది క్రీడా విభాగం మీదే. ఆటగాడికి ట్రాన్స్‌ఫర్ ఫీజు అనేదే లేనప్పుడు, అతన్ని అమ్మి డబ్బు సంపాదించే క్లబ్బే లేనప్పుడు, అతన్ని బయటి దేశాలకు చూపించాలనే ఆసక్తి ఎవరికి ఉంటుంది? ఉద్యోగ భద్రత వదులుకుని థాయిలాండ్‌కో, మలేషియాకో ట్రయల్స్‌కు వెళ్లమని ఇంటి బరువు మోసే పాతికేళ్ల కుర్రాడికి ఎవరు చెప్పగలరు? 2021లో అప్పటి ప్రధాని ఇమ్రాన్ ఖాన్ ప్రభుత్వం డిపార్ట్‌మెంట్ క్రీడలనే మూసివేయించింది. తర్వాతి ప్రభుత్వం 2022లో వాటిని పునరుద్ధరించింది. ఈ మధ్యలో ఎంతమంది ఆటగాళ్ల బతుకులు తారుమారయ్యాయో ఆలోచిస్తే, డిపార్ట్‌మెంట్ జీతం మీద బతికిన నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఈసా అప్పటికే ఆట ముగించి కోచింగ్ వైపు వెళ్లినా, ఆయన ఆడిన నేల స్వభావం ఇదేనని గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు 2005 జూన్‌కు వద్దాం. భారత జట్టు మూడు మ్యాచ్‌ల సిరీస్ కోసం పాకిస్తాన్ వెళ్లింది. మొదటి మ్యాచ్ జూన్ 12న క్వెట్టాలోని అయూబ్ స్టేడియంలో జరిగింది. సికింద్రాబాద్‌లో పుట్టిన 20 ఏళ్ల సునీల్ ఛెత్రికి అది తొలి సీనియర్ అంతర్జాతీయ మ్యాచ్. అతను రెండో సగంలో గోల్ చేసి భారత్‌ను ఆధిక్యంలో నిలిపాడు. బలూచిస్తాన్ రాజధానిలో, సొంత ప్రాంతం వాళ్లు నిండిన గ్యాలరీల ముందు, ఆ గోల్‌కు జవాబు చెప్పి స్కోరును 1-1 చేసింది చమన్ కుర్రాడు ఈసా. అప్పటికి ఇద్దరికీ మధ్య వయసులో ఏడాది కూడా తేడా లేదు. ఆ రోజు స్టేడియం నుంచి ఇంటికి వెళ్లిన ప్రేక్షకుడిని ఈ ఇద్దరిలో ఎవరు ప్రపంచ గోల్స్ పట్టికలో పైకి చేరతారని అడిగి ఉంటే, అతను నిస్సందేహంగా తన ఊరివాడి పేరే చెప్పి ఉండేవాడు. అతన్ని తప్పుపట్టడానికి మన దగ్గర ఆనాటికి ఏ ఆధారమూ లేదు.

రెండో మ్యాచ్ జూన్ 16న పెషావర్‌లో జరిగింది, భారత్ 1-0తో గెలిచింది. రెండు రోజుల తర్వాత లాహోర్‌లో పాకిస్తాన్ 3-0తో గెలిచి సిరీస్‌ను సమం చేసింది. ఈసా, తన్వీర్ అహ్మద్, ఆరిఫ్ మెహమూద్ తలో గోల్ చేశారు. ఒకే సిరీస్‌లో భారత రక్షణ మీద రెండు గోల్స్ చేసిన ఫార్వర్డ్‌ను మన పత్రికలు ఆ తర్వాత పట్టించుకోలేదు. మనలో చాలామందికి ఆ పర్యటన ఛెత్రి తొలి గోల్ వల్లే గుర్తుంది. పాకిస్తాన్ అభిమానులకు మాత్రం అది ఈసా సిరీస్. మీరు అతిశయోక్తి అనుకున్నదానికి మూలం చాలావరకు ఈ వారం రోజుల్లో ఉంది. భారత్ మీద ఏ ఆటలోనైనా గోల్ చేసినవాణ్ణి, వికెట్ తీసినవాణ్ణి అక్కడ ఎంతగా గుర్తుంచుకుంటారో వేరే చెప్పనక్కర్లేదు, మన దగ్గరా అంతే కదా.

ఆ తరం ఆటగాళ్లకు మరో గుర్తింపు దక్షిణాసియా క్రీడల్లో వచ్చింది. 2004లో ఇస్లామాబాద్ ఫైనల్‌లో భారత్‌ను 1-0తో ఓడించి పాకిస్తాన్ స్వర్ణం గెలిచింది. 2006లో కొలంబోలో శ్రీలంకను అంతే తేడాతో ఓడించి దాన్ని నిలబెట్టుకుంది. ఈ విజయాల ప్రస్తావన వచ్చినప్పుడు ఒక సాంకేతిక విషయం గుర్తుంచుకోవాలి, దాని దగ్గరికి చివర్లో వస్తాను.

2005 డిసెంబర్‌లో కరాచీ దక్షిణాసియా దేశాల పోటీ అయిన శాఫ్ ఛాంపియన్‌షిప్‌కు ఆతిథ్యం ఇచ్చింది. ఆ టోర్నీలోనే జేష్ రెహ్మాన్ పాకిస్తాన్ తరఫున అరంగేట్రం చేశాడు. ఈసా కెరీర్ గురించి మాట్లాడేటప్పుడు ఇతన్ని పక్కన పెట్టడం కుదరదు. ఇతనూ 1983లోనే పుట్టాడు, కాకపోతే ఇంగ్లాండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో. ఫుల్‌హామ్ అకాడమీలో పెరిగి, ఆ క్లబ్ తరఫున ప్రీమియర్ లీగ్‌లో ఆడాడు, ఇంగ్లాండ్ యువ జట్లకూ ఆడాడు. ఆ తర్వాత క్వీన్స్ పార్క్ రేంజర్స్, బ్రాడ్‌ఫర్డ్ సిటీ, థాయిలాండ్‌లో ముయాంగ్‌థాంగ్ యునైటెడ్, హాంకాంగ్‌లో కిట్చీ, మలేషియాలో పహాంగ్ జట్లకు ఆడాడు. 2014లో మలేషియా ఎఫ్‌ఏ కప్, మలేషియా కప్ రెండూ గెలిచిన పహాంగ్ జట్టులో అతనున్నాడు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరు ఒకే జెర్సీ వేసుకున్నారు. ఒకరి వెనుక చిన్ననాటి నుంచి కోచ్‌లు, ఫిజియోలు, వారం వారం మ్యాచ్‌లు, ఏజెంటు ఉన్నారు. మరొకరి వెనుక ఒక డిపార్ట్‌మెంట్ హాజరు పట్టీ ఉంది. జేష్ కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దక్షిణాసియా మూలాలున్న కుర్రాడు ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో నిలబడటం ఆ రోజుల్లో ఎంత కష్టమో అతనే అనేకసార్లు చెప్పాడు. కానీ జాతీయ జట్టు విదేశాల్లో పుట్టిన ఆటగాళ్ల మీద ఆధారపడటం అప్పుడే మొదలైందని, స్వదేశంలో పెరిగినవారికి ఆ స్థాయి శిక్షణ ఎన్నడూ అందలేదని ఈ పోలిక స్పష్టం చేస్తుంది. ఆ టోర్నీలో పాకిస్తాన్ సెమీస్‌లో బంగ్లాదేశ్ చేతిలో 1-0తో ఓడింది. ఫైనల్‌లో బంగ్లాదేశ్‌ను ఓడించి భారత్ కప్పు తీసుకుంది.

2007 అక్టోబర్‌లో ప్రపంచ కప్ అర్హత పోటీల్లో పాకిస్తాన్‌కు ఇరాక్ ఎదురైంది. అంతకు మూడు నెలల ముందే ఇరాక్ ఆసియా కప్ గెలిచి ఉంది. లాహోర్‌లో పాకిస్తాన్ 7-0తో చిత్తుగా ఓడింది. వారం తిరగకుండానే, ఇరాక్ తన సొంత మ్యాచ్‌ను డమాస్కస్‌లో ఆడినప్పుడు, పాకిస్తాన్ గోల్ ఇవ్వకుండా 0-0తో నిలిచింది. గోల్‌కీపర్ జాఫర్ ఖాన్ ఆ రోజు అడ్డుగోడలా నిలబడ్డాడు. ఇరాక్ మొదటి మ్యాచ్‌లోనే పని పూర్తి చేసుకుని రెండోదాన్ని తేలిగ్గా తీసుకుందని కొందరంటారు, అందులో కొంత నిజం ఉండవచ్చు. అయినా కోచ్‌గా నాకు ఈ రెండు ఫలితాల మధ్య కనిపించేది మరొకటి. కలిసి ఆడే అవకాశం లేని జట్టు మొదటి మ్యాచ్‌లో చెల్లాచెదురవుతుంది, రెండో మ్యాచ్‌కు కుదురుకుంటుంది. మూడో మ్యాచ్, నాలుగో మ్యాచ్ ఉంటే గోల్స్ కూడా చేస్తుంది. పాకిస్తాన్‌కు ఆ మూడో మ్యాచ్ ఎప్పుడు దొరికేదో ఎవరికీ తెలిసేది కాదు.

ఇక్కడే ఛెత్రితో పోలికకు వస్తాను. 2006లో బాబ్ హౌటన్ కోచ్‌గా వచ్చాక భారత ఫెడరేషన్ జాతీయ జట్టుకు సుదీర్ఘ శిబిరాలు ఏర్పాటు చేసింది. 2007లో నెహ్రూ కప్‌ను పునరుద్ధరించి సొంతగడ్డపై గెలిచింది. 2009లో, 2012లో మళ్లీ గెలిచింది. 2008లో ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ చివరి దశ మన దేశంలోనే జరిగింది. ఢిల్లీ ఫైనల్‌లో తజికిస్తాన్ మీద ఛెత్రి హ్యాట్రిక్ చేశాడు, ఆ విజయంతో భారత్ 2011 ఆసియా కప్‌కు వెళ్లింది. 2011 శాఫ్‌లో అతను ఏడు గోల్స్ చేశాడు. మోహన్ బాగాన్, జేసీటీ, ఈస్ట్ బెంగాల్, డెంపో, బెంగళూరు ఎఫ్‌సీ వంటి క్లబ్బులు అతనికి క్రమం తప్పని సీజన్లు ఇచ్చాయి. మధ్యలో అమెరికాలోని కాన్సస్ సిటీకి, పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్‌కు వెళ్లి వచ్చాడు. 2024 జూన్‌లో కువైట్‌తో మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పేనాటికి 151 మ్యాచ్‌లలో 94 గోల్స్, మళ్లీ వచ్చాక 2025 మార్చిలో 95వది. ఇందులో అతని క్రమశిక్షణ ఎంతుందో, అతని కింద పరిచిన ఆ మెట్లు అంతే ఉన్నాయి.

అదే కాలంలో పాకిస్తాన్ జట్టు పరిస్థితి చూడండి. బహ్రెయిన్‌కు చెందిన సల్మాన్ షరీదా, స్వదేశీ కోచ్ అఖ్తర్ మొహియుద్దీన్, హంగరీ నుంచి గ్యోర్గీ కోటాన్, టాటెన్‌హామ్ మాజీ ఆటగాడు గ్రాహం రాబర్ట్స్ ఒకరి తర్వాత ఒకరుగా వచ్చి వెళ్లారు. ప్రతి కోచ్ తన పద్ధతి తెచ్చాడు, అది ఆటగాళ్లకు ఒంటబట్టేలోగా పెట్టె సర్దుకున్నాడు. మ్యాచ్‌లు టోర్నమెంట్ల రూపంలో గుంపుగా వచ్చి, తర్వాత నెలల తరబడి ఆగిపోయేవి.

స్ట్రైకర్‌కు ఇది ఎలా నష్టమో మైదానం భాషలో చెబుతాను. ప్రత్యర్థి సెంటర్ బ్యాక్ (మధ్య డిఫెండర్) భుజం పక్కన నిలబడి, మిడ్‌ఫీల్డర్ తల పైకెత్తిన క్షణంలో కదలాలి. ఒక అడుగు ముందు కదిలితే ఆఫ్‌సైడ్, ఒక అడుగు ఆలస్యమైతే డిఫెండర్ వీపు మాత్రమే కనిపిస్తుంది. ఈ అంచనా ప్రాక్టీస్ శంకువుల మధ్య పరిగెడితే రాదు. పాస్ ఇచ్చేవాడి అలవాట్లు తెలియాలి: అతను ఒక స్పర్శ తీసుకుంటాడా రెండా, ఎడమకాలితో ఇవ్వగలడా, ఒత్తిడిలో బంతిని వెనక్కి ఆడతాడా. ఛెత్రికి ఈ అవగాహన ఏళ్ల తరబడి ఒకే బృందంతో ఆడి వచ్చింది. పాకిస్తాన్ జట్టులో సగం మంది వాపడా, ఆర్మీ, కేఆర్‌ఎల్, నేషనల్ బ్యాంక్ నుంచి, మిగిలినవారు విదేశాల నుంచి వచ్చి, విమానం ఎక్కేముందు కొద్ది రోజులు కలిసి సాధన చేసేవారు. అలాంటి జట్టులో ఫార్వర్డ్ తనంతట తాను సృష్టించుకునే గోల్స్‌కే పరిమితమవుతాడు: దూరం నుంచి కొట్టిన షాట్, ఫ్రీకిక్, డిఫెండర్ తప్పు నుంచి లాక్కున్న బంతి. నేర్పు ఉన్నవాడికి ఏడాదికి ఒకటో రెండో అలా వస్తాయి. 2000 దశకం పొడవునా ఆడిన ఈసాకు 11 మాత్రమే రావడంలో నాకు ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యమల్లా అన్ని వచ్చాయా అనే.

ఆయన తప్పుకున్న తర్వాత జరిగింది ఇంకా ఘోరం. 2015లో ఫెడరేషన్ ఎన్నికల గొడవతో పాలన రెండు ముక్కలైంది, దేశ లీగ్ మూడేళ్లకు పైగా ఆగిపోయింది. 2015 మార్చిలో యెమెన్‌తో ఆడిన తర్వాత 2018 సెప్టెంబర్ వరకు సీనియర్ జట్టు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడలేదు. మధ్యలో 2017 అక్టోబర్ నుంచి 2018 మార్చి వరకు ఫీఫా సస్పెన్షన్. 2019 జూన్‌లో కంబోడియా చేతిలో ఓడాక మళ్లీ 2022 నవంబర్ దాకా మ్యాచ్ లేదు. ఈసారి 2021 ఏప్రిల్ నుంచి 2022 జూన్ వరకు సస్పెన్షన్. ఫెడరేషన్‌ను తాత్కాలికంగా నడపడానికి ఫీఫా నియమించిన నార్మలైజేషన్ కమిటీని లాహోర్‌లోని ఫెడరేషన్ భవనం నుంచి ప్రత్యర్థి వర్గం బయటికి పంపేయడం దీనికి కారణం. 2025 ఫిబ్రవరిలో ఫెడరేషన్ రాజ్యాంగానికి సవరణలను ఆమోదించనందుకు మూడోసారి సస్పెన్షన్ పడి, మరుసటి నెలలో తొలగింది. ప్రపంచ కప్‌కు బంతులు తయారుచేసి పంపే సియాల్‌కోట్ నగరం ఉన్న దేశపు జట్టు బంతి తాకకుండా ఏళ్లకేళ్లు కూర్చోవలసి రావడం ఏ ఆటగాడికీ జరగకూడని అన్యాయం. పాతికేళ్ల వయసులో మూడేళ్లు పోగొట్టుకున్న ఫార్వర్డ్‌కు ఆ మూడేళ్లు ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

చమన్ నుంచే వచ్చిన కలీముల్లా ఖాన్ కెరీర్ చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. 1992లో పుట్టి, కేఆర్‌ఎల్ తరఫున లీగ్‌లో 35 గోల్స్‌తో టాప్ స్కోరర్‌గా నిలిచాడు. 2014లో కిర్గిజ్‌స్తాన్ క్లబ్ దొర్దోయ్‌కు వెళ్లి అక్కడి లీగ్‌లోనూ ఆ ఏడాది అత్యధిక గోల్స్ చేశాడు. అదే సంవత్సరం ఆగస్టులో బెంగళూరులో భారత్‌తో జరిగిన రెండో స్నేహపూర్వక మ్యాచ్‌లో గోల్ చేశాడు, పాకిస్తాన్ 2-0తో గెలిచింది. ఆ తర్వాత అమెరికాలో శాక్రమెంటో, టల్సా క్లబ్బులకు ఆడాడు. ఈసా చేయలేని పనిని, అంటే విదేశీ లీగ్‌లో తనను తాను నిరూపించుకోవడాన్ని, అతను చేసి చూపించాడు. సరిగ్గా అతను ఉచ్ఛదశలో ఉన్నప్పుడే జాతీయ జట్టు మూడేళ్లు ఆగిపోయింది. విదేశానికి వెళ్లినా, వెళ్లకపోయినా, దేశపు జెర్సీలో గోల్స్ పట్టిక మాత్రం ఎదగలేదు.

2023 జూన్ 21న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో శాఫ్ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. వీసాలు ఆలస్యమై పాకిస్తాన్ జట్టు మారిషస్ నుంచి బయలుదేరి మ్యాచ్ రోజునే బెంగళూరులో దిగింది. ప్రయాణ బడలికతో వానలో ఆడి 4-0తో ఓడింది. ఛెత్రి హ్యాట్రిక్ చేశాడు. క్వెట్టాలో ఈసాతో పాటు గోల్ చేసిన కుర్రాడు, పద్దెనిమిదేళ్ల తర్వాత అదే ప్రత్యర్థి మీద మూడు గోల్స్ చేస్తున్నాడు. ఈసా ఆట ముగించి అప్పటికి ఎన్నో ఏళ్లు. ఆ రోజు నేను టీవీలో మ్యాచ్ చూస్తూ ఛెత్రిని చూసి ఎంత సంతోషించానో, గంటల క్రితం విమానం దిగి బరువెక్కిన కాళ్లతో పరిగెడుతున్న ఎదుటి కుర్రాళ్లను చూసి అంతే నొచ్చుకున్నాను. అదే సంవత్సరం అక్టోబర్ 17న ఇస్లామాబాద్ జిన్నా స్టేడియంలో కంబోడియాను హారూన్ హమీద్ గోల్‌తో 1-0గా ఓడించి పాకిస్తాన్ తన చరిత్రలో తొలి ప్రపంచ కప్ అర్హత విజయం సాధించింది. కోచ్ ఎవరో కాదు, రెండు దఫాలు భారత జట్టుకు పనిచేసిన స్టీఫెన్ కాన్‌స్టంటైన్. ఈసా తన కెరీర్ మొత్తంలో అర్హత పోటీల్లో ఇలాంటి గెలుపు రుచి చూడలేదన్న సంగతి గమనించండి.

ఇక గణాంకాల విషయంలో మీకు ఉపయోగపడే రెండు జాగ్రత్తలు. మొదటిది, నేను పైన వాయిదా వేసిన సంగతి. దక్షిణాసియా క్రీడల ఫుట్‌బాల్ 2004 నుంచి అండర్-23 స్థాయి పోటీ. అక్కడ చేసిన గోల్స్ సీనియర్ అంతర్జాతీయ గోల్స్ పట్టికలోకి రావు. అక్కడి అభిమానుల జ్ఞాపకంలో మాత్రం భారత్‌ను ఓడించిన ఇస్లామాబాద్ ఫైనల్‌కు పెద్ద స్థానం ఉంది. అందుకే వారి మాటకూ మీరు చూసిన పట్టికకూ పొంతన కుదరదు. రెండవది, 1950, 60 దశకాల పాకిస్తాన్ మ్యాచ్‌ల రికార్డులు సమగ్రంగా లేవు. ఆ కాలం నాటి మసూద్ ఫఖ్రీ, మహమ్మద్ ఉమర్ వంటి ఫార్వర్డ్‌లు కోల్‌కతా క్లబ్బులకూ ఆడి పేరు తెచ్చుకున్నవారు. వారి గోల్స్ ఏ మ్యాచ్‌ను అధికారికంగా లెక్కిస్తారన్నదాన్ని బట్టి మారుతుంటాయి. కాబట్టి ఈసాను "అత్యధిక గోల్స్ వీరుడు" అని రాసిన చోట దాన్ని ఆధునిక కాలానికి సంబంధించిన మాటగా తీసుకోవడం మంచిది. ఆయన్ను ఎవరితోనైనా పోల్చదలిస్తే ఛెత్రిని పక్కనపెట్టి, అదే దశకంలో నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్ జట్లకు ఆడిన ఫార్వర్డ్‌ల పక్కన నిలబెట్టి చూడండి. మ్యాచ్‌ల సంఖ్య, ఎదుర్కొన్న ప్రత్యర్థులు, సొంతగడ్డపై ఆడినవెన్ని, బయట ఆడినవెన్ని అన్న వివరాలు ముందు పెట్టుకుని ఆ పోలిక చేస్తే, 11 గోల్స్ అంత చిన్న అంకెగా కనిపించదు.